అలల గీతలున్న ప్రతి తుపాకీ కోనసముద్రం ఉక్కు కాదు

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డు తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇదీ: “ఇంట్లో తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ ఉందా? వెనక రెండు హామర్లు (తూటాను పేల్చే సుత్తులు), గొట్టాల మీద అలల్లాంటి గీతలు ఉంటే అది డమాస్కస్. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కుతో చేసింది. ఈ కాలపు తూటా ఏదైనా తట్టుకుంటుంది. వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు. ఎమరీ పేపరుతో తోమి మెరిపిస్తే లక్షలు పలుకుతుంది.” ఇందులో కొన్ని ముక్కలు ఉత్త గొప్పలు. రెండు మాత్రం నమ్మితే ఒకటి వేళ్లు తీస్తుంది, ఇంకొకటి కేసు తెస్తుంది.

ముందు కోనసముద్రం సంగతి. ఆ ఊళ్లో మూసల్లో కరిగించి మేలైన ఉక్కు తీశారన్నది అక్షరాలా నిజం. భారతదేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో పనిచేసిన వైద్యుడు వాయిసీ అక్కడి కొలుముల గురించి రాశాడు. ఆ ఉక్కు పర్షియా దాకా వెళ్లి కత్తులైంది. ఆ కత్తుల మీది అలలు ఉక్కు ముద్ద లోపలే, చల్లారేటప్పుడు కర్బనం సర్దుకున్న తీరు వల్ల వచ్చినవి. తుపాకీ గొట్టం కథ పూర్తిగా వేరు. మెత్తని ఇనుము, ఉక్కు కడ్డీలను పేర్చి, కాల్చి అతికించి, తాడు పేనినట్టు మెలిపెట్టేవారు. ఆ మెలికలను పక్కపక్కన చేర్చి పట్టీగా సాగదీసి, కమ్మీ చుట్టూ చుట్టి, మళ్లీ కొలిమిలో పెట్టి సమ్మెటతో అతికించేవారు. లోపల తొలిచి, పైన తుప్పు పట్టించి రంగు తెస్తే ఇనుము ఒక ఛాయలో, ఉక్కు ఇంకో ఛాయలో తేలుతుంది. తుపాకుల్లో డమాస్కస్ అనేది ఈ గొట్టాన్నే. మన ఇళ్లలో కనిపించే హామర్ గన్ల గొట్టాలు చాలావరకు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌వో, బెల్జియంలోని లియేజ్ పరిసరాలవో. పైగా చవక రకాల్లో మామూలు ఉక్కు గొట్టం మీద ఆమ్లంతో గీతలు దించిన నకిలీలూ ఉన్నాయి. మనవాళ్ల పనితనం చెప్పుకోవాలంటే అంతకు చాలా ముందే భారతీయ కమ్మరులు వత్తి తుపాకులకు ఇలాంటి మెలిక గొట్టాలు చేశారు, అది చెప్పుకుందాం.

హామర్లుంటే పాతదేనా? కాదు. 1875లో ఇంగ్లండు తుపాకీ తయారీదారులు ఆన్సన్, డీలీల పేటెంటుతో హామర్లు లోపలికి వెళ్లిన తుపాకులు ఊపందుకున్నా, హామర్ గన్లు ఇరవయ్యో శతాబ్దంలోనూ తయారయ్యాయి. అయిదో జార్జి చక్రవర్తి కడదాకా పర్డీ (లండన్ తుపాకీ సంస్థ) హామర్ గన్లతోనే వేటాడాడు.

ఇక “ఏ తూటా అయినా తట్టుకుంటుంది” అన్న మాట. దీనికి సరిగ్గా ఎదురుగా “డమాస్కస్ గొట్టం పేలిపోతుంది, గోడకు తగిలించుకోవడమే” అనే ప్రచారం పాత తుపాకులు సేకరించే ఇంగ్లిష్ వారిలో ఉంది. రెండూ కళ్లు మూసుకుని చెప్పిన మాటలే. 1891లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకీ గొట్టాలను పరీక్షించి ముద్ర వేసే సంస్థ) రకరకాల గొట్టాలను పగిలేదాకా పరీక్షిస్తే, అతికించి చేసిన గొట్టాలు పోత ఉక్కు గొట్టాలకు ఏమాత్రం తీసిపోలేదు. కానీ అవి అప్పటి కొత్త గొట్టాలు. మీ చేతిలో ఉన్నది వందేళ్లు తుప్పు తిన్నది.

కాబట్టి పైన గీతలు చూడటం మాని, గొట్టాల కింది ముందు చెక్క విప్పి వాటి అడుగున చూడాలి. అక్కడ ప్రూఫ్ ముద్రలుంటాయి. అండాకారంలో ఈఎల్‌జీ అక్షరాలుంటే లియేజ్. బర్మింగ్‌హామ్, లండన్ ముద్రల్లో 1904 నుంచి పొగలేని మందుకు (ఈ కాలపు తూటాల్లోని తుపాకిమందు) పరీక్ష జరిగితే ఎన్‌పీ అక్షరాలు పడ్డాయి. పొగలేని మందుకు పరీక్ష జరిగిన గుర్తే లేకపోతే ఆ గొట్టం పాతకాలపు నల్ల తుపాకిమందుకే పరీక్షించినదని లెక్క. తర్వాత ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు. పాత పన్నెండు బోరు తుపాకుల్లో చాలావాటికి 65 మిల్లీమీటర్లు; ఇప్పటి తూటాలు ఎక్కువగా 70. అలాంటి తూటా లోపలికి హాయిగా దూరుతుంది, అదే మోసం. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. మూడోది గోడ మందం. లోపలి గుంటలు పోవాలని ఎవరో ఎప్పుడో తొలిచేసి ఉండవచ్చు. ఎక్కడైనా సుమారు అర మిల్లీమీటరు కంటే పల్చబడితే అనుభవజ్ఞులు దాన్ని కాల్చరు. ఈ కొలతలు లైసెన్సున్న గన్‌స్మిత్ తీయాల్సినవి, కంటితో తేలేవి కావు.

ఎమరీ పేపరు సలహా ఇచ్చినవాడికి దండం పెట్టాలి! తోమితే ముందు పోయేది ఆ గీతలే, తర్వాత చెక్కుడు పని, ఆ తర్వాత ముద్రల అంచులు. పాత తుపాకులు సేకరించేవాడు డబ్బిచ్చేది వాటికే. మరిగే ఉప్పు ద్రావణంలో ముంచి నల్లగా చేయించడం ఇంకా ఘోరం. రెండు గొట్టాలనూ కలిపే పట్టీలు తగరం, సీసం టంకంతో అతికి ఉంటాయి, ఆ క్షార ద్రావణం టంకాన్నే తినేస్తుంది.

చివరిగా లైసెన్సు. ఈ వందేళ్ల లెక్క బహుశా 1972 నాటి పురావస్తువుల చట్టంలోంచి ఊడిపడింది. దానికీ తుపాకీ లైసెన్సుకూ సంబంధం లేదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాతకాలపు, పురావస్తు విలువ ఉన్న, లేదా చెడిపోయిన ఆయుధాలకే. అదీ మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకీగా పనికిరానివై ఉండాలి. హామర్లు లేచి పడుతూ, బజారులో దొరికే పన్నెండు బోరు తూటా పట్టే తుపాకీ ఆ మినహాయింపులోకి ఎలా వస్తుంది? స్ప్రింగు విరిగి మూలన పడి ఉన్నా సరే, బాగుచేస్తే పేలుతుందంటే లైసెన్సు కావాల్సిందే. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఉంచుకుంటే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. అదే సవరణ ఒక్కరి దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండులోనే.

అమెరికాలో 1898లోగా తయారైనవాటిని సమాఖ్య చట్టం యాంటిక్‌గా చూస్తుంది. అక్కడి బంధువులు చెప్పే ధైర్యం అక్కడిదే. “అయితే మా అబ్బాయికి డల్లాస్ పంపిస్తా” అనుకునేవారికి ఆ 1972 చట్టం అప్పుడు అడ్డొస్తుంది: పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. తాతగారి పేరున డీబీబీఎల్ (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్ తుపాకీ) లైసెన్సు ఉండి ఆయన పోయారంటే, తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకుని, వారసుడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. బాగుచేయించే పనులన్నీ లైసెన్సు చేతికొచ్చాకే.