ఆ చీర నలుపు కాకపోవచ్చు

కడప పాత ఫొటోల మీద రాసిన ఒక వ్యాసంలో, ఓ పెళ్లి ఫొటో చూసి పెళ్లికూతురిది నల్లచీర అనేశారు. తొందరపడొద్దండి. 1906లో పాంక్రోమాటిక్ ప్లేట్లు (అన్ని రంగులూ పట్టే ఫొటో గాజుపలకలు) అమ్మకానికి వచ్చేదాకా ఫొటో ప్లేటుకు నీలం బాగా తగిలేది, ఎరుపు దాదాపు తగిలేదే కాదు. అందుకే ఎర్రచీర నల్లగా, నీలిచీర వెలిసిపోయినట్టు పడతాయి. కుంకుమబొట్టు నల్లచుక్కే. మరీ పాత ప్లేట్లలో పసుపు రాసుకున్న మొహం కూడా ఉన్నదానికంటే నల్లగా దిగుతుంది.

పైట ఏ భుజం మీదుందో చూసి ఫలానావాళ్లని తేల్చడం ఇంకా ప్రమాదం. టిన్‌టైప్ రేకు ఫొటోలో ఎడమాకుడీ తారుమారు. పక్కనున్న మగాయన ఇంగ్లీషు కోటు చూడండి: తొడుక్కున్నాయన ఎడమ అంచు పైకి రావాలి. రాలేదంటే బొమ్మ తిరగబడినట్టే. ఆ కోటు స్టూడియోవాళ్లదీ అయ్యుండొచ్చు, దాని చేతులు వేళ్లదాకా జారాయేమో గమనించండి. రంగులద్దిన ప్రింటునైతే నమ్మనే వద్దు, అది అద్దినవాడి ఊహ.