నవల అబద్ధమట, మరి శాసనం ఏం జెప్తుందో సూడున్రి

పొద్దుగాల లేస్తే అదే మెసేజ్. మా బావ పంపిండు, అపార్ట్‌మెంట్ గ్రూపుల వచ్చింది, ఆఖరికి నాతోని పనిజేసే సోషల్ సార్ గూడ పంపిండు. నవలలతోని చరిత్ర చెప్తే పిల్లలు పాడైతరు, అందుకు నాలుగు కారణాలు అని.

సిలబస్ అయిపోదట. నవల లేనప్పుడు ఎన్నేండ్లు టైంకు అయ్యిందో చెప్పున్రి. చదువుడు నేర్పుడు తెలుగు సార్ పని, చరిత్ర సోషల్ సార్ పని అట. పిల్లగాని తలకాయల పీరియడ్ బెల్ గొట్టేటోడు ఎవ్వడు లేడు సారూ. ఇప్పటి పిల్లలు చదవరు అన్నదానికైతే నేను జవాబే చెప్ప.

అసలు కోపం మొదటి పాయింటు మీద. "నవల అబద్ధం, చరిత్ర పుస్తకం నిజం" అట. దీనంత డేంజర్ మాట ఇంకోటి లేదు, ఎందుకంటే అచ్చుల ఉన్నదంత నమ్మాలె అని చెప్పినట్టే గద. మా తొమ్మిదో క్లాసుల అడవి బాపిరాజు రాసిన గోన గన్నారెడ్డి నవల కొన్ని పేజీలు చదివిచ్చిన. గన్నారెడ్డి కాకతీయుల కాలం మనిషి, నవలల మాత్రం గజదొంగ. తెల్లారి రాయచూరు కోట శాసనం సంగతి చెప్పిన, 1294ల గన్నారెడ్డి మంత్రి విఠలుడు కోట కట్టిచ్చిండని నలభై అడుగుల పైన పొడుగున్న రాయి మీద చెక్కి ఉంటది. ఒక పిల్ల లేసి "దొంగకు మంత్రి ఎట్లుంటడు సార్?" అన్నది. నేను పదేండ్లు పాఠం చెప్పిన, ఒక్కలు గూడ గట్ల అడగలే.

ఇగ ఆ ఊపుల చందుపట్ల శాసనం గూడ తీసినం. 1289. కాకతీయ రాణి రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయిన్రు అని ఉంటది అంతే, ఎవ్వలు చంపిన్రో ఉండది. ఎదురు తిరిగిన సామంతుడు అంబదేవునితోని యుద్ధంల సచ్చిన్రు అని మనం చెప్పేది చరిత్రకారులు అన్ని దగ్గర పెట్టుకొని ఊహించింది. మంచి ఊహనే, కాదంటలేను, కానీ ఊహనే గద! మరి మెసేజ్ రాసిన మేధావి దాన్ని ఏమంటడో, అబద్ధమనా? ఈ తేడా పట్టాలని పిల్లలు ఒక్కో లైను రెండుసార్లు చదివిన్రు, చదువుడు నేర్పుడంటే నాకు తెలిసి గిదే.

అయితే ఒకటి ఒప్పుకోవాలె. నవలల మనిషి బుర్రలకెళ్లి పోడు అని రాసిన్రు, అది నిజం. సినిమా అయినా అంతే, రుద్రమదేవి సినిమా జూసిన మా పిల్లలకు గన్నారెడ్డి అంటే ఇప్పటికీ అల్లు అర్జునే, ఏ శాసనం జూపెట్టినా. అంతెందుకు, శిన్నప్పుడు ఆ నవల చదివిన నాకు గూడ డిగ్రీకొచ్చేదాక ఆయన గజదొంగనే, పక్కన శాసనం పెట్టి చెప్పినోళ్లు లేకపాయె. ఉత్త నవల ఒక్కటే చేతికిచ్చి పోతే మెసేజ్‌ల అన్న నష్టం అయితది.

పుస్తకం కావాల్నంటే ఇంటికి రాన్రి, ఇస్త. కాకపోతే మా బావ తీస్కపోయిన కాపీ ఇంక వాపస్ రాలే, ఫార్వర్డ్‌లు మాత్రం రోజూ వస్తున్నయ్.