బీమాకు ఉమ్మడి భాష కావాలి, అది పాలసీదారుకూ అందాలి

కిందటేడు మా పిన్ని బాత్రూములో జారిపడింది. వాళ్లది నాయుడుపేట. తుంటి ఎముక విరిగిందని తెలియగానే అందరి నోటా ఒకటే మాట, మద్రాసు తీసుకుపోదామని. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి పెద్ద కష్టం వస్తే ఇప్పటికీ గుర్తొచ్చేది చెన్నై ఆసుపత్రులే. ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో రోజు పొద్దున పదింటికి డాక్టరు వచ్చి, వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించి, ఇక ఇంటికి వెళ్లొచ్చని సంతకం పెట్టాడు. పిన్ని తల దువ్వించుకుని మంచం అంచున కూర్చుంది. మేం గది ఖాళీ చేసేసరికి రాత్రి ఏడున్నర దాటింది.

ఆ సమయంలో ఎక్కువ భాగం నేను కింద ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరే ఉన్నాను. అక్కడ కూర్చునే అమ్మాయి తమిళమ్మాయే అయినా తెలుగు చక్కగా మాట్లాడుతుంది, పేషెంట్లలో మనవాళ్లు అంతమంది మరి. ఆమె కీబోర్డు పక్కన ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. ప్రతి పేజీలో ఒక బీమా కంపెనీ పేరో, కంపెనీల తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థ పేరో, దాని కింద ఆ పోర్టల్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కొట్టేసి మళ్లీ రాసిన కొత్త పాస్‌వర్డ్. ఒక్కో పోర్టల్‌ది ఒక్కో తీరు. ఒకచోట డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లు కలిపి ఒకే ఫైలుగా అడుగుతారు, ఇంకోచోట విడివిడిగా అడుగుతారు. సైజు ఎక్కువైతే ఫైలు ఎక్కదు. అప్పటికే కంప్యూటర్లో టైపు చేసి ఉన్న సమ్మరీని ప్రింటు తీసి, సంతకం, ముద్ర వేయించి, స్కాన్ చేసి, సైజు తగ్గించి మళ్లీ కంప్యూటర్లోకే ఎక్కిస్తున్నారు. అవతలి ఊళ్లో ఇంకొకరు దాన్ని చూసి మళ్లీ టైపు చేసుకోవాలి.

మధ్యాహ్నం బీమా కంపెనీ వైపు నుంచి మొదటి క్వెరీ, అంటే సందేహం, వచ్చింది. "పేరు కలవలేదంట సార్" అంది. పాలసీలో పిన్ని పేరు ముందు బాబాయి వాళ్ల ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉండిపోయింది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఇక్కడి అలవాటు ప్రకారం భర్త పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టారు. ముగ్గురూ ఒక్కటేనని రుజువు చేయడానికి బాబాయి తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నాలుగున్నరకి రెండో క్వెరీ. షుగరు ఎన్నేళ్ల నుంచి ఉంది? చేరిన రోజు డ్యూటీ డాక్టరు ఎనిమిదేళ్లని రాశాడు, మత్తు డాక్టరు పదేళ్లని రాశాడు. పాలసీ తీసుకుని నాలుగేళ్లు దాటింది. షుగరుకి బీమా వర్తించకుండా ఆపే వెయిటింగ్ పీరియడ్ ఎప్పుడో ముగిసింది. పైగా వచ్చింది ఎముక విరిగి. అయినా జవాబు రాసి, డాక్టరు సంతకం కోసం థియేటర్ బయట నిలబడక తప్పలేదు.

ఇందులో ఫలానా వాళ్లది తప్పని నేను అనలేను. అవతల ఫైలు చూసినవాళ్లకి మా పిన్ని కనపడదు, మూడు పొంతన లేని పేర్లు కనపడతాయి. డెస్క్ దగ్గరి అమ్మాయి పొద్దున్నుంచీ కుర్చీలోంచి లేవలేదు. కావాల్సిన సమాచారమంతా ఆ భవనంలోనే ఉంది, కాకపోతే తలా ఒక భాషలో ఉంది. బీమా రంగానికి ఓపెన్ డేటా స్టాండర్డ్ కావాలని కొందరు ఏళ్ల తరబడి చెబుతున్నది దీని గురించే. పాలసీ, జబ్బు, బిల్లు, క్లెయిము వంటివాటిని ఏ వరుసలో, ఏ పేర్లతో, ఏ అర్థంతో నమోదు చేయాలో అందరూ కూర్చుని ఒకసారి ఒప్పుకోవడం, ఆ ఒప్పందాన్ని ఎవరైనా చదివి వాడుకునేలా బయట పెట్టడం.

"ఓపెన్" అనగానే చాలామంది ఉలిక్కిపడతారు, నా జబ్బు వివరాలు అందరికీ తెలిసిపోతాయా అని. తెరిచి ఉంచేది నమూనాను, మనిషి సమాచారాన్ని కాదు. పోస్టుకార్డు మీద చిరునామా ఎక్కడ రాయాలో దేశమంతటికీ తెలుసు, అంతమాత్రాన మీ ఉత్తరం అందరూ చదివినట్టు కాదు. సమాచారం ఎవరు చూడొచ్చన్నది సమ్మతికి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి సంబంధించిన సంగతి. ఈ రెండూ కలిపేస్తే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది.

ఆ పేరు సంగతే తీసుకోండి. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులున్న ఫారం ఇంటిపేరు చివర్లో వచ్చే దేశాల్లో పుట్టింది. మనకి ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాట చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు ఇనిషియల్ అవుతుంది. పెళ్లయిన ఆడవాళ్లకి ఒక కాగితంలో ఒక పేరు, ఇంకో కాగితంలో ఇంకో పేరు. చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో ఒకే కుటుంబంలోనే ఈ మూడు పద్ధతులూ కనిపిస్తాయి. ఆరోగ్య సమాచారం కోసం హెచ్‌ఎల్7 అనే సంస్థ తయారుచేసిన ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం, ఫైర్ అని పలుకుతారు, దీనికి దారి చూపింది. అందులో ఒక మనిషికి ఎన్ని పేర్లైనా రాయొచ్చు. ఇది అధికారిక పేరు, ఇది పాత పేరు, ఇది పెళ్లికి ముందు పేరు అని ఒక్కోదానికీ గుర్తు పెట్టొచ్చు. ఏ ముక్కా చేయకుండా పూర్తి పేరు ఉన్నదున్నట్టు రాసే గడి కూడా ఉంది. పుట్టిన తేదీకి సంవత్సరం ఒక్కటి తెలిస్తే అదొక్కటే రాయొచ్చు. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసిన మన పెద్దవాళ్ల ముందు ఈ చిన్న వెసులుబాటు ఎంత పెద్దదో ఫారాలు నింపేవాళ్లకి తెలుసు.

షుగరు ప్రశ్నకీ అంతే. జబ్బులకి అంతర్జాతీయంగా వాడే ఐసీడీ-10 కోడు ఉంది. టైప్ 2 డయాబెటిస్‌కి ఈ11, తొడ ఎముక మెడ భాగం విరిగితే ఎస్72.0. కోడుతో పాటు ఎప్పుడు మొదలైంది, ఆ మాట ఎవరు చెప్పారు అన్న గడులు కూడా ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో ఉన్నాయి. ఎప్పటినుంచి అన్నది తేదీగానే ఉండాలని పట్టు లేదు, ఫలానా వయసునుంచి అనో, ఇన్నేళ్లకీ ఇన్నేళ్లకీ మధ్య అనో రాయొచ్చు. "ఎనిమిది నుంచి పదేళ్లు, రోగి చెప్పిన ప్రకారం" అని ఒక్కసారి నమోదైతే, దాన్ని ఇద్దరు డాక్టర్ల మాటల్లో తేడాగా ఎవరూ చూడరు. మనుషులకి ఖచ్చితంగా గుర్తుండని విషయాలుంటాయని ఒప్పుకునే ప్రమాణమే నిజమైన జీవితానికి సరిపోతుంది.

బీమా రంగంలో ఇలాంటి ప్రయత్నాలు కొత్తవేమీ కాదు. అమెరికాలో ఏజెంట్లు, కంపెనీలు రకరకాల ఫారాలతో విసిగి 1970లో అకార్డ్ అనే సంస్థను పెట్టుకున్నాయి. కాగితపు ఫారాలతో మొదలై అది తర్వాత కంప్యూటర్ సందేశాల దాకా వచ్చింది. జర్మనీలో 2006లో అలాంటిదే బిప్రో అనే సంస్థ వచ్చింది. రెండూ పనికొచ్చే పనే చేశాయి. కానీ ఇవి ప్రధానంగా సభ్యత్వం మీద నడిచేవి. తిరువళ్లూరులో ఇరవై పడకల నర్సింగ్ హోముకో, సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకునే నలుగురు కుర్రాళ్లకో ఆ గుమ్మం దూరం. ఎఫ్‌హెచ్‌ఐఆర్‌ని ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. అది అంతగా పాకడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

వరదల వైపు చూస్తే ఇంకో ఉదాహరణ ఉంది. 2015 డిసెంబరు చెన్నైలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. వేళచ్చేరిలో ఒక వీధిలో కింది అంతస్తు మునిగితే, అదే పిన్‌కోడులో కాస్త మెరక మీదున్న ఇల్లు పొడిగా ఉంది. నష్టం అంచనా వేసేవాళ్ల దగ్గర పిన్‌కోడు ఒక్కటే ఉంటే ఆ రెండు ఇళ్లూ ఒకటే. లండన్ నుంచి పనిచేసే ఒయాసిస్ సంస్థ ముందుకు తెచ్చిన ఓపెన్ ఎక్స్‌పోజర్ డేటా ప్రమాణంలో అక్షాంశ రేఖాంశాలు, కట్టిన సంవత్సరం, అంతస్తులు, నిర్మాణం రకం, బేస్‌మెంట్ ఉందా లేదా అన్నవాటికి విడి గడులున్నాయి. ఎవరైనా చదవొచ్చు, సవరణలు సూచించొచ్చు. మనదేశంలో ఇళ్ల బీమా తీసుకునేవాళ్లే తక్కువ కాబట్టి ఇది ఇంకా దూరపు మాటే. కానీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మళ్లీ అదే వేళచ్చేరి మునిగింది. ఏ ఇంట్లోకి ఎంత నీరొచ్చిందో ఒకే పద్ధతిలో దాచుకోని నగరం ప్రతి వరదనీ మొదటి వరదలాగే లెక్కపెట్టాల్సి వస్తుంది.

మన దగ్గర పనులు జరగడం లేదని కాదు. హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో 2009 నుంచి ఉంది. అది ఆసుపత్రులకి రోహిణి పేరుతో పదమూడు అంకెల గుర్తింపు ఇస్తుంది. 2021లో దేశమంతటికీ మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మనిషికి ఆభా అనే ఆరోగ్య గుర్తింపు నంబరు, ఆసుపత్రికి వేరే రిజిస్ట్రీ తెచ్చింది. అంటే ఒకే ఆసుపత్రికి రెండు గుర్తింపులు. ఆ రెండింటినీ కలపడం పెద్ద విద్యేమీ కాదు. అన్నిటికన్నా ముఖ్యమైంది జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ కట్టిన నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్. ఆసుపత్రికీ బీమా కంపెనీకీ మధ్య క్లెయిము సందేశాలు ఎఫ్‌హెచ్‌ఐఆర్ రూపంలో నడిచే దారి అది. ఆ డెస్క్ మీది నోటుపుస్తకం అవసరం లేకుండా చేయగలిగింది ఇదే. పాలసీలు కొనడం నుంచి క్లెయిము దాకా ఒకేచోట ఉండే ఆన్‌లైన్ వేదిక బీమా సుగమ్‌కి 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలిచ్చింది.

అదే ఏడాది మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ చాలామందికి తెలిసిందే. క్యాష్‌లెస్‌ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) అనుమతి మీద గంటలో నిర్ణయం, డిశ్చార్జికి మూడు గంటల్లో తుది అనుమతి. ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చును కంపెనీ తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. మంచి నిబంధన. అయితే గడువు పెట్టినంత మాత్రాన పని కుదరదు. స్కాన్ చేసిన కాగితాన్ని చదివే పద్ధతి మారకపోతే గడువు ఒత్తిడంతా క్వెరీ రూపంలో తిరిగి డెస్క్ మీదే పడుతుంది. క్వెరీ వేశాక మూడు గంటలు ఎక్కడినుంచి లెక్కపెట్టాలని నేను అడిగితే ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. పంపిన సమయం, చూసిన సమయం, అడిగిన ప్రశ్న, దాని కారణం అన్నీ ఒకే నమూనాలో నమోదైతేనే ఆ మూడు గంటల మాటకి లెక్క తేలుతుంది.

ఇక్కడే నా అసలు ఆందోళన. ఈ ప్రమాణాల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య గొట్టం గురించే ఆలోచిస్తున్నారు. పాలసీదారు ఆ గొట్టానికి బయట నిలబడి ఉన్నాడు. సందేశం వేగంగా వెళితే అనుమతి వేగంగా వస్తుంది, నిజమే. తిరస్కారం కూడా అంతే వేగంగా వస్తుంది. రూమ్ రెంట్ పరిమితి దాటినందుకు మిగతా బిల్లులోనూ అదే దామాషాలో కోత పడటం ఇప్పుడు ఎవరో కూర్చుని లెక్కవేస్తే, రేపు యంత్రం క్షణంలో వేస్తుంది. ఆ క్షణంలోనే కోతకి కారణం కూడా నాకు తెలియాలి. క్లెయిమును తిరస్కరించినా, కొంత కోసినా, పాలసీలోని ఏ షరతు ప్రకారమో చెప్పాలని అదే మాస్టర్ సర్క్యులర్ అంటోంది. దాన్ని ఉత్తరంలో ఒక వాక్యంగా వదిలేయకుండా డేటాలో తప్పనిసరి గడిగా చేయాలి. గడి ఖాళీగా ఉంటే సందేశం ముందుకి కదలకూడదు.

అందుకు పాలసీ షరతులు కూడా ఆ ఉమ్మడి భాషలోకి రావాలి. ఇప్పుడు పాలసీ అంటే పదుల పేజీల పీడీఎఫ్. సబ్ లిమిట్ (ఒక్కో ఖర్చుకి పెట్టిన పరిమితి) ఎంత, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంత, ఏ జబ్బుకి ఎన్ని నెలల వెయిటింగ్ పీరియడ్ అన్నది ప్రతి షరతుకీ ఒక నంబరుతో, యంత్రం చదివే రూపంలో బయట పెడితే, ఆపరేషన్‌కి ముందే ఎంత మన చేతినుంచి పడుతుందో ఆసుపత్రి చెప్పగలదు. ప్లాను వివరాలు రాసే వీలు ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో ఉంది కూడా. అన్ని పాలసీలూ ఒకేలా అయిపోతాయని కంపెనీలు జంకడంలో అర్థం లేదు. అందరూ ఒకే తూకంరాళ్లు వాడినంత మాత్రాన అన్ని కొట్లలో ఒకే సరుకు ఉండదు. పోటీ ధరలోనూ సేవలోనూ ఉండాలి, షరతు చదవడానికి పడే కష్టంలో ఉండకూడదు.

పోతే ప్రచారం. ప్రమాణం రాసి వెబ్‌సైట్‌లో పెడితే ఎవరూ వాడరు. పెద్ద ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ విభాగాలుంటాయి, అవి ఏదోలా చేరతాయి. నాయుడుపేటలోనో గూడూరులోనో ఎక్సెల్‌లో బిల్లు కొట్టే నర్సింగ్ హోముకి ఉచితంగా దించుకునే చిన్న సాఫ్ట్‌వేర్, తప్పుంటే ఎక్కడుందో తెలుగులో చెప్పే పరీక్షా సదుపాయం ఇవ్వాలి. ప్రమాణాన్ని మార్చే కమిటీలో కంపెనీలు, డాక్టర్లతో పాటు డెస్క్ దగ్గర కూర్చునేవాళ్లు, ఏజెంట్లు, పాలసీదారుల తరఫున ఒకరిద్దరు ఉండాలి. ఏ గడి ఎక్కడ తేడా కొడుతుందో డెస్క్ వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ పని మొదలుపెట్టడానికి చెన్నైకన్నా మంచి చోటు నాకు తోచడం లేదు. యునైటెడ్ ఇండియా, స్టార్ హెల్త్ ప్రధాన కార్యాలయాలు రెండూ ఇక్కడే ఉన్నాయి. మా పిన్ని పాలసీ ఆ రెండిటిదీ కాదు. మూడు నాలుగు భాషల పేషెంట్లు ఒకే కౌంటర్ ముందు నిలబడేదీ ఇక్కడే. పేర్ల గడి ఇక్కడ నెగ్గితే దేశంలో ఎక్కడైనా నెగ్గుతుంది.

ఆ రాత్రి వచ్చిన తుది అనుమతి కాగితంలో ఒక మొత్తం కోశారు. పక్కన "నాన్ పేయబుల్" అని ఒక్క ముక్క ఉంది. షరతు నంబరు లేదు. కారులో వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్న పిన్ని ఆ కాగితం అడిగి తీసుకుంది. "ఇది దేనికి పట్టుకున్నారు నాయనా?" అంది. కనుక్కుని చెబుతానన్నాను. కంపెనీకి రాసి నెలలు దాటింది, ఆ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది.