ఫోన్ దొరికింది, ఇచ్చేద్దామనే ఉంది... కానీ ఎవరికి?

సంక్రాంతి అయ్యాక గుంటూరు నుంచి హైదరాబాద్‌కి నైట్ బస్సులో వస్తున్నా. తెల్లారుజామున నా చార్జర్ వైరు జారిపోయిందని సీటు సందులో చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఎవరిదో ఫోన్ చేతికి తగిలింది. ప్యాటర్న్ లాక్ ఉంది, స్క్రీన్ మీద ఒక చిన్నపాప ఫొటో, బ్యాటరీ 11 శాతం. ఆ సీట్లో కూర్చున్న ఆవిడ మిర్యాలగూడలో దిగిపోయిందని మాత్రం గుర్తుంది, ఆవిడ పేరేంటో ఊరేంటో ఎవరికి తెలుసు. పక్కసీటాయన "ఎందుకండీ మీకు గొడవ, స్విచాఫ్ చేసి డ్రైవర్ చేతిలో పెట్టేయండి" అన్నాడు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, మనలో చాలామంది అదే అంటాం, అదే చేస్తాం. అసలు నష్టం అక్కడే జరుగుతోందని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

పోయిన ఫోన్ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ దొంగ గురించే ఆలోచిస్తాం. లాకులు, ఫింగర్‌ప్రింట్లు, బ్లాకింగులు అన్నీ దొంగని దృష్టిలో పెట్టుకుని చేసినవే, చెయ్యాల్సిందే కూడా, ఎందుకంటే ఇప్పుడు ఫోన్ అంటే బ్యాంకు. కానీ ఫోన్ దొరికినవాడు మంచోడైతే వాడికి దారి ఎక్కడుంది? పర్సు దొరికితే తెరిచి చూస్తాం, ఆధార్ కార్డో డ్రైవింగ్ లైసెన్సో ఉంటుంది, దాని మీద అడ్రస్ ఉంటుంది. ఫోన్లో ఆ మనిషి జీవితమంతా ఉంటుంది గానీ పైకి పేరు కూడా కనపడదు.

2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 40 దేశాల్లో, మన దేశంలో కూడా, 17 వేలకు పైగా పర్సులు బ్యాంకులు, హోటళ్లు, పోస్టాఫీసుల లాంటి చోట్ల కౌంటర్లో ఉన్నవాళ్లకి ఇచ్చి, "ఇది బయట దొరికింది, మీరు చూసుకోండి" అని వెళ్లిపోయారు. డబ్బుల్లేని పర్సుల విషయంలో ఓనర్‌కి కబురు చేసినవాళ్లు దాదాపు 40 శాతం, డబ్బులున్న పర్సులకైతే 51 శాతం దాకా. డబ్బు ఎక్కువుంటే కాజేస్తారు అనుకుంటాం కదా, ఉల్టా వచ్చింది. నాకు ఇందులో ఇంకో సంగతి ముఖ్యం అనిపించింది, ఆ పర్సులన్నిటిలో పైకి కనపడేలా ఒక కార్డు ఉంది, దాని మీద పేరు, ఈమెయిల్ ఉన్నాయి. అంటే కబురు చెయ్యాలనుకున్నవాడికి ఒక్క మెయిల్ పెట్టేంత పనే. మన ఫోన్లకి ఆ కార్డు లేదు. కాబట్టి "జనంలో నిజాయితీ పోయింది" అని తిట్టేముందు, నిజాయితీగా ఉండాలనుకున్నవాడికి మనం ఏం మిగిల్చామో కూడా చూసుకోవాలి.

సరే, నా బస్సు సంగతి. ఫోన్ ఆఫ్ చెయ్యలేదు. ముందుసీటు కుర్రాడి దగ్గర సీ టైప్ వైరు తీసుకుని చార్జింగ్ పెట్టా, రింగ్ సౌండ్ ఫుల్లుగా పెంచా. ఆరున్నర దాటాక మోగింది. ఎత్తితే ఆవిడే, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి. మొదట అసలు మాట రాలేదు ఆవిడకి, తర్వాత "అన్నా, మీకు పుణ్యముంటది, ఆపెయ్యకండి అన్నా" అంది. ఇంకాసేపు చూసి ఎవరూ ఎత్తకపోతే సిమ్ బ్లాక్ చేయించేద్దాం అనుకుంటున్నారంట. ఆ మాట వింటే నాకు గుండె ఝల్లుమంది, ఎందుకంటే సిమ్ బ్లాక్ అయిపోయుంటే ఆ కాల్ నాకు వచ్చేదే కాదు, అంతా మంచే అనుకుంటూ ఒక తాళం వేసిన పలక చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ని.

చూడండి, ఇద్దరూ తమ వైపు నుంచి సరైన పనే చేస్తున్నారు. పోగొట్టుకున్నావిడ భయంతో సిమ్ ఆపించడం సరైనదే, ఓటీపీలు, యూపీఐ అన్నీ ఆ నంబర్ మీదే ఉన్నాయి. దొరికినవాడు బ్యాటరీ అయిపోతుందనో, తలనొప్పి ఎందుకనో స్విచాఫ్ చేస్తాడు, అదీ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ రెండూ కలిస్తే ఫోన్ ఇంక దొరకదు. అందుకే మొదటి రెండు మూడు గంటలే ప్రాణం. పోగొట్టుకున్నవాళ్లు ముందు వేరే ఫోన్ నుంచి మళ్లీ మళ్లీ రింగ్ చెయ్యాలి, ఎవరూ ఎత్తకపోతే పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే గూగుల్ ఫైండ్ హబ్‌లోకో, ఐఫోన్ అయితే ఫైండ్ మై లోకో వెళ్లి లాక్ చేసి, స్క్రీన్ మీద ఇంకో నంబర్ కనపడేలా మెసేజ్ పెట్టాలి, ఆ తర్వాతే సిమ్ ఆపించాలి. డబ్బులు పోతున్న సూచన ఏ కొంచెం కనపడినా మాత్రం వెయిట్ చెయ్యొద్దు, వెంటనే ఆపించేయండి. ఇంకొకటి, అలా పెట్టిన నంబర్‌కి "మీ ఫోన్ దొరికింది, ఈ లింకులో పాస్‌వర్డ్ కొట్టండి" అని మెసేజ్ వస్తే అది మోసమే. నిజంగా దొరికినవాడికి మీ పాస్‌వర్డ్‌తో పనేముంది?

2023 మేలో కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్ మొదలయ్యాక సీఈఐఆర్, అంటే పోయిన ఫోన్లని బ్లాక్ చేసే ప్రభుత్వ వ్యవస్థ, చాలామందికి తెలిసింది. పోలీస్ కంప్లైంట్ కాపీ, అదే నంబర్‌తో తీసుకున్న కొత్త సిమ్, ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబర్ ఐఎంఈఐ ఉంటే అక్కడ ఫోన్ బ్లాక్ చేయించొచ్చు, తర్వాత ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకి వెళ్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్పీ ఆఫీసుల్లో టేబుళ్ల నిండా ఫోన్లు పేర్చి ఓనర్లకి అప్పగిస్తున్న ఫొటోలు పేపర్లో చూస్తూనే ఉన్నాం, అది నిజంగా మంచి పని. కానీ ఆ పద్ధతి పట్టుకునేది వాడుతున్న ఫోన్నే. ఎవరో పాపం "ఓనర్ దొరికితే ఇద్దాం" అని స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టిన ఫోన్ దానికి ఎప్పటికీ కనపడదు. అలాగే ఓనర్ ఎవరో చూద్దామని మంచి ఉద్దేశంతోనే తన సిమ్ అందులో వేసినవాడి నంబర్ పోలీసుల దగ్గర తేలుతుంది.

చట్టం కూడా దొరికినవాణ్ని దొంగగా చూడట్లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికిన వస్తువు చేతిలోకి తీసుకున్నవాడికి, మనం ఎవరికైనా దాచమని ఇచ్చినప్పుడు వాళ్లకి ఎంత బాధ్యత ఉంటుందో అంత ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 314 ప్రకారం ఓనర్‌కి ఇవ్వాలనే తీసుకుంటే నేరం లేదు, ఓనర్ ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే ప్రయత్నమే చెయ్యకుండా సొంతం చేసుకుంటేనే నేరం, దానికి ఆరు నెలలకి తక్కువ కాకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. 2024 జులైకి ముందు పాత ఐపీసీలో ఈ ఆరు నెలల కనీస శిక్ష లేదు. ఇంత స్పష్టంగా ఉన్నా జనం స్టేషన్ గడప తొక్కడానికి జంకుతారు. చాలా ఏళ్ల క్రితం నేనే ఒక ఫోన్ తీసుకుని స్టేషన్‌కి వెళ్తే "నీకెలా దొరికింది, ఆ టైంలో అక్కడ నీకేం పని" అని గంటసేపు నిలబెట్టి అడిగారు. ఆ రోజు ఒక ఆటో డ్రైవర్ నా ప్లేసులో ఉంటే, బేరాలు వదులుకుని వచ్చినందుకు రెండోసారి వస్తాడా? జపాన్‌లో వీధి చివరే చిన్న పోలీస్ బాక్స్ ఉంటుంది, దొరికింది అక్కడ ఇచ్చేసి కాగితం తీసుకుని వెళ్లిపోతారు. మూడు నెలల్లో ఓనర్ రాకపోతే చాలా వస్తువులు దొరికినవాడికే ఇచ్చేస్తారు, ఫోన్లు మాత్రం ఇవ్వరు, లోపల ఇంకొకరి వివరాలు ఉంటాయని. మన స్టేషన్లలో కూడా ఫోన్ తెచ్చినవాడికి ఒక రసీదు, ఒక కుర్చీ ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఆవిడ ఫోన్ తీసుకోవడానికి వాళ్ల తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వచ్చాడు. వచ్చినవాడు నిజంగా తమ్ముడే అని నాకెలా తెలుస్తుంది, అందుకే ఆవిడకి కాల్ కలిపి ప్యాటర్న్ అతనికి చెప్పమన్నా, నేను అటు తిరిగి నిలబడ్డా. లాక్ తెరుచుకుంది, అదే పాప ఫొటోలు ఇంకా బోలెడు. అతను ఐదొందలు ఇవ్వబోతే వద్దన్నా గానీ, ఆటోవాళ్లో డెలివరీ కుర్రాళ్లో తెచ్చిస్తే మాత్రం పెట్రోల్‌కి, పోయిన టైంకి మనమే అడిగి ఇవ్వాలి, వాళ్లు నోరు తెరిచి అడగరు.

ఇంటికెళ్లగానే నా ఫోన్ సెట్టింగుల్లో లాక్ స్క్రీన్ మీద మా ఆవిడ నంబర్ వచ్చేలా పెట్టుకున్నా, ఎమర్జెన్సీ కాంటాక్టులు కూడా, లాక్ తియ్యకుండానే కనపడేలా. అమ్మది బటన్ల ఫోన్, అందులో ఇవేవీ లేవు, చిన్న కాగితం మీద నా నంబర్ రాసి బ్యాటరీ మూత లోపల టేపుతో అంటించా. "మరి అన్నయ్య నంబర్ కూడా రాయరా, నువ్వు మీటింగుల్లో ఎత్తవుగా" అంది. కింద అదీ రాశా.