ఆయింట్‌మెంట్ రాశాంగా!

గాయం ఎర్రబడి, ఉబ్బి, చీము పట్టినా సరే, దాన్ని అదుపులో పెట్టడానికి ప్రతి ఇంట్లో ఒక మంత్రం ఉంటుంది: "ఆయింట్‌మెంట్ రాశాంగా!" ఆ తర్వాత డాక్టరు ఊసెత్తినవాడు కుటుంబ ద్రోహి.

ఆ ట్యూబు చరిత్ర ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరి దురదకో రాసిచ్చింది. పేరు చెరిగిపోయింది. ఎక్స్‌పైరీ డేటు తోక మీద ఉండేది, పిండి పిండి చుట్టేసరికి మడతల్లోకి వెళ్లిపోయింది. మూత లేదు కాబట్టి మూతి దగ్గర ఎండిన పెచ్చును గోటితో గిల్లి పారేసి, అదే గోటితో పుండు మీద రాస్తారు. దురద మందంటే అందులో స్టెరాయిడ్ ఉన్నా ఉండొచ్చు. అది ఎరుపును తగ్గించి, సూక్ష్మజీవులతో పోరాడాల్సిన ఒంటి రక్షణనే జోకొడుతుంది. పైన ఎరుపు తగ్గగానే "చూశావా, గుణం కనిపించింది" అని ఇంటిల్లిపాదీ సంబరం. లోపల బాక్టీరియాకీ సంబరమే.

సాయంత్రం మహాసభ. పేషెంటు కాలు స్టూలు మీద. బావగారు ఫోన్ లైటు వేసి, కళ్లు చికిలించి, "నిన్నటి మీద నయం" అంటారు. నిన్న ఆయన ఊళ్లోనే లేరు. గాలి తగలాలంటుంది పిన్ని. తగిలితే ప్రమాదమంటుంది అత్తయ్య. పెద్దాయన ఇద్దరి మాటా కాదనలేక సగం కట్టు కట్టమంటారు. పలచగా రాసినందుకే తగ్గలేదని తేల్చి, ఈసారి దళసరిగా పట్టిస్తారు. లోపల చీముగడ్డ ఉంటే పైపూత అక్కడికి చేరదు, దాన్ని డాక్టరు కోసి బయటికి తీయాల్సిందే అన్న సంగతి మాత్రం చర్చకు రాదు. దెబ్బ తగిలిన రోజే ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడిగారా అని అడగకండి, అది మరీ చవక వైద్యం. టెటనస్ ఇంజెక్షన్ సంగతి అసలే వద్దు.

1941లో, బాక్టీరియాను చంపే పెనిసిలిన్ మందు ఎక్కించిన తొలి రోగుల్లో ఒకరు ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే ఇంగ్లండ్ పోలీసు. మందుకు ఎంత కరువంటే, ఆయన మూత్రంలోంచే పెనిసిలిన్‌ను వేరుచేసి మళ్లీ ఎక్కించారు. కాస్త కోలుకున్నాడు కూడా. మందు అయిపోయింది, మనిషి పోయాడు. ఆయనకు దొరకనిది దొరుకుతున్న కాలంలో ఉండి, మనం ట్యూబు తోక చుడుతున్నాం.

నవ్వు రానిదల్లా ఒక్కచోట. షుగర్ ఉన్న మనిషి పాదానికి పుండు. "నొప్పి లేదుగా, కంగారెందుకు?" అంటారు. నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమయ్యా! నరాలు దెబ్బతిని ఆ కాలు కేక వేయడం మానేసింది. ఎరుపు పైకి పాకుతుంటే, జ్వరంతో వణుకుతుంటే, మాట తడబడుతుంటే, అది సెప్సిస్ కావచ్చు, అంటే ఇన్‌ఫెక్షన్ ధాటికి ఒంట్లోని అవయవాలే దెబ్బతినే స్థితి. అప్పుడు ప్రతి గంటా ప్రాణమే. ఆ గంటల్లో కూర్చుని "రేపు పొద్దున చూద్దాంలే" అనడానికి మీకు నోరెలా వస్తుంది?

పెన్నుతో ఎరుపు అంచు వెంట గీత గీస్తే, అది గీత దాటుతోందో లేదో పిల్లలైనా చెప్పగలరు. అప్పుడు మాత్రం ఇంట్లో పెన్ను దొరకదు. కాలు తీసేయడానికి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టే రోజున, నలుగురి జేబుల్లోంచీ నాలుగు పెన్నులు బయటికొస్తాయి.