ఏడేళ్ళ సుల్తాను గారు, ఆయన శ్రేయోభిలాషులు

1550లో గోల్కొండలో సుల్తాన్ పోస్టు ఖాళీ అయింది. అనుభవం అక్కర్లేదు, పాలపళ్ళు ఊడే వయసైనా ఫర్వాలేదు, నోరు మాత్రం లేవకూడదు. అర్హుడు ఇంట్లోనే దొరికాడు, పోయిన సుల్తాన్ జంషీద్ కొడుకు సుభాన్ కులీ, వయసు ఏడు.

సంబంధం కలుపుకునేముందు ఇంటి పరువు కూడా విచారించాలి కదా. 1543లో జంషీద్ తొంభై దాటిన కన్నతండ్రి సుల్తాన్ కులీని నమాజులో ఉండగా చంపించాడు, అన్న కుతుబుద్దీన్ కళ్ళు తీయించాడు, ఇక తన వంతేనని అర్థమైన తమ్ముడు ఇబ్రహీం బీదర్ మీదుగా విజయనగరం పారిపోయి అళియ రామరాయల పంచన చేరాడు. (తొంభై దాటినా తండ్రి కుర్చీ దిగకపోతే కొడుక్కి ఎంత టెన్షనో మనమూ ఆలోచించాలి.) అంత చేసిన జంషీద్ ఏడేళ్ళు ఏలి జబ్బు చేసి పోయాడు. ఆ ఇంట్లో అదే వింత.

ఇక పిల్లాడి మంచి కోరేవాళ్ళు బయల్దేరారు. పేరు పిల్లాడిది, పెత్తనం అహ్మద్‌నగర్ నుంచి పిలిపించిన సైఫ్ ఖాన్‌ది. ఇది గోల్కొండ కొలువులోని సర్దారు జగదేవరావుకి నచ్చలేదు. నచ్చక ఆయనేమైనా పెద్దమనిషిని వెతికాడా అంటే, భువనగిరి కోటలో బందీగా ఉన్న, మతిస్థిమితం లేదని పేరుపడ్డ జంషీద్ సోదరుడు దౌలత్ కులీని పట్టుకున్నాడు! ఆడించడానికి ఏడేళ్ళవాడి కన్నా ఇంకా తేలికనుకున్నాడేమో. అది కుదరక చివరికి ఇబ్రహీం వైపు తిరిగాడు, తర్వాత ఆయనతోనూ చెడిందనుకోండి.

అబ్బాయి గద్దె మీద సర్దుకు కూర్చునేలోపే, అంటే అదే ఏడాది జులైలో, బాబాయి ఇబ్రహీం దిగాడు. విజయనగరంలో ఏడేళ్ళుండి తెలుగు రుచి మరిగిన మనిషి, మన కవులు మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి కావ్యమే అంకితమిచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఏలాడు. మధ్యలో 1565లో, అన్నేళ్ళు అన్నం పెట్టిన రామరాయల మీదికే తోటి సుల్తానులతో కలిసి యుద్ధానికెళ్ళాడు, అది వేరే సంగతి.

ఇంత గొడవలో పిల్లాణ్ణి ఎవరైనా ఏమైనా అడిగారా అంటే, ఆ దాఖలా నాకు కనపడలేదు. జనం మాత్రం ఛోటా మాలిక్ అని ముద్దుగా పిలిచేవారట. కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికెళ్తే చూడండి, ఒకపక్క చంపించిన నాన్న, ఇంకోపక్క చచ్చిన తాత, ఇద్దరూ మళ్ళీ కొట్టుకోకుండా అన్నట్టు మధ్యలో వీణ్ణి పడుకోబెట్టారు.