పొందూరు ఖద్దరు మీద సీటు బెల్టా?

శ్రీకాకుళం జిల్లా పెద్దమనుషుల తరఫున ఈ నాలుగు ముక్కలూ రాయాల్సి వస్తోంది. సీటు బెల్టు పేరుతో వాళ్లకి జరుగుతున్న అవమానం గురించి ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు.

మా మావయ్యనే తీసుకోండి. పెళ్లికి బయల్దేరాడంటే పొందూరు ఖద్దరు చొక్కాయే. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే అప్పడంలా నిలబడుతుంది. కారెక్కి బెల్టు లాగితే ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా అడ్డంగా ఒక ముడత. పెళ్లివారింట్లో ఆ ముడత చూసినవాళ్లు ఏమనుకోవాలి? ప్రాణం మీద అంత తీపి ఉన్న మనిషి అనుకోరూ?

ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీకి చేసిచ్చినాయన నిల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు. అంతకుముందు ఆయన పని, యుద్ధవిమానంలోంచి పైలట్‌ని బయటికి విసిరే సీట్లు చేయడం. మనిషి ఎలా ఎగిరిపోతాడో అంత బాగా తెలిసినవాడు కాబట్టే ఎలా కట్టేయాలో కూడా తెలిసినట్టుంది. పేటెంటు తమదే అయినా ఎవరైనా వాడుకోవచ్చని కంపెనీ వదిలేసింది. అక్కడే చెడింది. ఊరికే వచ్చినదాన్ని మనం నమ్మం. మావయ్య కొత్త కారుకి అరసవల్లిలో పూజ చేయించి, ముందు గ్లాసు దగ్గర పెట్టిన నిమ్మకాయని మాత్రం డబ్బులిచ్చి కొన్నాడు.

మొన్న పలాసలో పెళ్లికి అదే కారులో వెళ్లాం. బావ డ్రైవింగు, పక్కన మావయ్య, వెనక నేనూ అత్తా మనవరాలూ. నేను వెనక బెల్టు కోసం చెయ్యి పెట్టాను. బెల్టు ఉంది, దూర్చే చోటు లేదు. పదివేలు పెట్టి వేయించిన కొత్త సీటు కవరు కింద సమాధి అయిపోయింది. వేళ్లు దూర్చి తవ్వితే రెండు రూపాయల బిళ్ల, వేరుశెనగ తొక్కలు, నమిలి వదిలేసిన చాక్లెట్ కాగితం దొరికాయి. బావ అద్దంలోంచి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏటిరా, నా డ్రైవింగు మీద నమ్మకం లేదేటి?"

ఇదీ అసలు సంగతి. మన దగ్గర బెల్టు పెట్టుకోవడమంటే బండి నడిపేవాణ్ణి నలుగురిలో తిట్టడం. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టరుకి బావ నైపుణ్యం తెలియదని అనబోయి, బంధుత్వం గుర్తొచ్చి ఊరుకున్నాను.

కారు మాత్రం ఊరుకోలేదట, కొన్న కొత్తలో బెల్టు పెట్టుకోలేదని కుయ్ కుయ్ మని ఒకటే గోల. దానికి మందు కూడా బావే కనిపెట్టాడు: బెల్టు లేకుండా దాని ఇనుప నాలుక ఒక్కటీ ఉన్న క్లిప్పు. దూరిస్తే కారు నోరు మూసుకుంటుంది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లో కేంద్రం ఐదు కంపెనీలని ఆదేశించింది. బావ అంతకుముందే జాగ్రత్తపడ్డాడు.

"అయినా వెనకోళ్లకి బెల్టేటి?" అన్నాడు మావయ్య. వెనక్కూర్చున్నవాళ్లకీ చట్టం ఉందనీ, వెయ్యి రూపాయల జరిమానా అనీ చెప్పాను. 2022లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది అంత ఖరీదైన కారులో, బెల్టు లేని వెనక సీట్లోనే అన్నాను. ఆ ఏడాది దేశంలో బెల్టు లేక పోయిన 16,715 మందిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లే అన్నాను. మావయ్య కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తున్నాడు.

సరే, ఆయనకి తెలిసిన భాషలో చెబుదామని, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే విజయనగరం జాతర ఎత్తుకున్నాను. "పైడితల్లి సిరిమాను మీద పూజారిని కట్టే కదా కూర్చోబెడతారు మావయ్యా?"

"అది ఆకాశంలోకి లేపుతారు. పడితే ఏటైపోవాల?"

"అరవైలో వెళ్తూ దేన్నైనా గుద్దితే 14 మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టే. నాలుగంతస్తుల మేడ."

ఆయన కిందకి చూశాడు, పైకి చూశాడు. "కారు నేల మీదే ఉంది కదరా."

దీనికి జవాబు నా చదువులో లేదు. పిల్ల తన ఒళ్లోనే ఉంది కాబట్టి దానికి భయం లేదని అత్త ధైర్యం చెప్పింది. పదికిలోల పిల్లని గుద్దుకున్నప్పుడు చేతులతో ఆపడం ఎవరివల్లా కాదు. కానీ అమ్మమ్మ చేతుల మీద నమ్మకం లేదేటి అంటుందేమోనని నోరు మెదపలేదు.

మడపాం టోల్‌గేటు దగ్గర ఖాకీ చొక్కా కనపడగానే మావయ్య బెల్టు లాగి, దూర్చకుండా గుండె మీద చేత్తో పట్టుకున్నాడు. జాతీయ గీతం పాడుతున్నట్టుంది చూడటానికి. గేటు దాటాక వదిలేస్తే సర్రున వెనక్కి పోయింది. చొక్కా మీద ముడత పడలేదు.

కోటబొమ్మాళి దాటాక గేదె అడ్డొచ్చింది. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. అత్త మోకాళ్లు ముందు సీటుకి కొట్టుకున్నాయి, పిల్ల ఏడుపు అందుకుంది. నిమ్మకాయకి మాత్రం ఏ అడ్డూ లేదు. ఎగిరి అద్దానికి టప్‌మని తగిలి, చితికి, మావయ్య కాళ్ల దగ్గర పడింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మావయ్య వంగి దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చూసావేటి? మనకి తగలాల్సింది దీనికి తగిలీసింది."

టెక్కలిలో కారాపించి రెండు కొన్నాడు.